హెడ్మాస్టారు వేసిన తారీఖు

ఈ వ్యాసకర్త జులై 4న పుట్టలేదు. పుట్టినట్టు రాసి ఉన్నది మాత్రం జులై 4నే. టెన్త్ సర్టిఫికెట్టు, పాన్ కార్డు, ఆధార్, పాస్‌పోర్టు, నాలుగూ ఒకే మాట మీద నిలబడతాయి. కాదనే సాక్షి లోకంలో ఒక్కరే, వాళ్లమ్మ. ఆవిడ సాక్ష్యం ఏ ఆఫీసులోనూ చెల్లదు.

కథ 1972 నాటిది. ఆ ఏడు జులై 4 మంగళవారం వచ్చింది. "మంగళవారం పూట పిల్లాణ్ణి బళ్లో వేస్తారట్రా!" అని నాయనమ్మ వీధి గుమ్మంలో అడ్డం పడినా, నాట్లు మొదలైతే మళ్లీ తీరిక దొరకదని నాన్న చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. హెడ్మాస్టారు రిజిస్టరు తెరిచి పుట్టిన తేదీ అడిగారు. "దసరా వెళ్లిన మూడో రోజండి" అన్నారు నాన్న. ఏ సంవత్సరం దసరా అంటే, "మా కర్రి గేదె రెండో ఈత ఈనిన ఏడండి" అన్నారు. గేదె ఈతలకు రిజిస్టర్లో గడి లేదు. హెడ్మాస్టారు పిల్లాడి వైపు తిరిగి, కుడిచెయ్యి తల మీంచి తెచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నారు. చెవి కొస వేలికి తగిలింది. తగిలితే అయిదేళ్లు నిండినట్టే. "ఇవాళ తారీఖెంతోయ్?" అని బంట్రోతును అడిగారు. "నాలుగండి." అందులోంచి అయిదేళ్లు తీసేసి 4-7-1967 అని రాసి, ఇంకు ఆరేదాకా ఊది, రిజిస్టరు మూసేశారు.

ఆ విధంగా పిల్లాడు భూమ్మీద పడిందీ, బళ్లో పడిందీ ఒకే తారీఖయ్యాయి. దసరా లెక్కన అతనికప్పటికి నాలుగేళ్ల తొమ్మిది నెలలే. మూడు నెలలు ముందే పుట్టించేశారు గనక మూడు నెలలు ముందే రిటైరవ్వాలి. "ఆ మహానుభావుడు మూడు నెలల జీతం ఊదేశాడురా" అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

అయినా వ్యాసకర్తకు ఆ హెడ్మాస్టారి మీద లోలోపల కృతజ్ఞతే. క్లాసులో సగం మంది జులై 1న పుట్టారు. మిగతా సగంలో ఎక్కువ మంది జూన్ 1న పుట్టారు. ఆ రెండు రోజులూ ఊళ్లో మంత్రసానికి కునుకు పట్టి ఉండదు. వాళ్లందరి మధ్యా జులై 4 అంటే కాస్త ప్రత్యేకంగా ఉండేది. కాలేజీలో చేరాక ఓ మధ్యాహ్నం లైబ్రరీలో తెలిసింది, అది అమెరికా స్వాతంత్ర్య దినమని. ఒక దేశం దేశమంతా తన పుట్టినరోజున సెలవు తీసుకుంటోందన్నమాట! అప్పటి నుంచి ఆయనకు ఆ తారీఖు మీద మమకారం పెరిగి, ఒక నోటు పుస్తకం పెట్టారు. జులై 4న ఎప్పుడు ఎక్కడ ఏం జరిగినా అందులో ఎక్కాల్సిందే.

మొదటి పేజీలోనే ఒక చిక్కు వచ్చిపడింది. అమెరికా కూడా జులై 4న పుట్టలేదు.

ఫిలడెల్ఫియాలో కూర్చున్న కాంగ్రెస్, బ్రిటన్‌తో తెగతెంపులని తీర్మానించింది 1776 జులై 2న. మర్నాడు జాన్ ఆడమ్స్ భార్య అబిగెయిల్‌కు ఉత్తరం రాస్తూ, జులై 2ను తరతరాలవాళ్లూ ఊరేగింపులతో, దీపాలతో, భోగిమంటల్లాంటి మంటలతో పండగ చేసుకుంటారని ఢంకా బజాయించాడు. జోస్యం అంతా ఫలించింది, తారీఖు ఒక్కటి తప్ప. జులై 4న జరిగింది ప్రకటన పాఠానికి ఆమోదం. కాగితం మీద ఆ తారీఖే పడింది. చాలామంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. అంటే అమెరికాదీ సర్టిఫికెట్ పుట్టినరోజే. ఈ సంగతి తెలిశాక వ్యాసకర్తకు ఆ దేశం మరింత దగ్గరి చుట్టంలా కనిపించింది.

సరే, ఆ మహత్తర దినాన ఆ ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ ఏం చేశాడు? ఆయన లెక్కల పుస్తకం చెబుతుంది. ఒక థర్మామీటరు కొన్నాడు. ఆడవాళ్ల చేతి తొడుగులు ఏడు జతలు కొన్నాడు. పొద్దున్న 6 గంటలకు ఎండ ఎంత, 9కి ఎంత, మధ్యాహ్నం 1కి ఎంత అని రాసుకున్నాడు. మధ్యాహ్నానికి 76 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో 24 చిల్లర. బెజవాడ మనిషైతే దుప్పటి వెతుక్కునే వేడి. స్వాతంత్ర్యం సంగతి ఆ పుటల్లో లేదు. పద్దులూ, పాదరసం సంగతులే ఉన్నాయి. అదే రోజు ఇంగ్లండ్ రాజు మూడో జార్జి తన డైరీలో ఈవేళ ముఖ్యమైనదేమీ జరగలేదని రాసుకున్నాడని ఓ కథ తిరుగుతుంటుంది. పాపం, ఆయనకు అలాంటి డైరీయే లేదు. అలా రాసిన రాజు పక్క దేశంలో, పదమూడేళ్ల తరవాత ఉన్నాడు. 1789 జులై 14న పారిస్‌లో బాస్టీల్ కోట పడిపోతుంటే, పదహారో లూయీ తన వేట పుస్తకంలో 'ఏమీ లేదు' అని రాసుకున్నాడు. ఆ రోజు వేటలో ఏమీ పడలేదని దాని అర్థం.

ఆడమ్స్ జోస్యం జులై 2 మీదే అయినా, జులై 4 ఆయన్ను వదల్లేదు. ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన 1826 జులై 4న ఆయనా పోయాడు, జెఫర్సనూ పోయాడు. ఒకరికి 90, ఒకరికి 83. జెఫర్సన్ మూడో తారీఖు రాత్రే మంచంలోంచి, నాలుగు వచ్చిందా అని అడిగాడట. వచ్చాకే, మధ్యాహ్నం వేళ వెళ్లాడు. సాయంత్రం ఆడమ్స్ పోతూ, జెఫర్సన్ ఇంకా ఉన్నాడుగా అన్న అర్థం వచ్చే మాటన్నాడని చెబుతారు. అప్పటికి జెఫర్సన్ వెళ్లిపోయి అయిదు గంటలు. ఫోన్లూ తంతులూ లేని కాలం. సరిగ్గా అయిదేళ్లకు, 1831 జులై 4న మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో పోయాడు. మొదటి అయిదుగురు అధ్యక్షుల్లో ముగ్గురు ఆ తారీఖునే కట్టగట్టుకుని పోయారు. ఈ పేజీ రాశాక వ్యాసకర్త ఏటా జులై 4న బండి తీయడం మానేశారు.

మన వైపు పేజీలు ఇంతకంటే చిక్కగా ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు 1897 జులై 4న విశాఖ దగ్గర పాండ్రంగిలో, అమ్మమ్మగారి ఊళ్లో పుట్టాడు. 2022లో అదే తారీఖున భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించారు. అసెంబ్లీలో తన చమత్కారంతో ప్రతిపక్షాన్ని కూడా నవ్వించిన కొణిజేటి రోశయ్య 1933 జులై 4న వేమూరులో పుట్టారు. సంగీత దర్శకుడు కీరవాణి 1961 జులై 4న కొవ్వూరులో పుట్టారు. అల్లూరి పేరున్న హీరో గెంతిన 'నాటు నాటు'కు స్వరం కట్టి ఆస్కార్ తెచ్చింది, అల్లూరి పుట్టిన తారీఖున పుట్టిన మనిషే. ఈ ఎంట్రీ కింద వ్యాసకర్త ఎర్రసిరాతో రెండు గీతలు కొట్టారు.

అయితే అన్నిటికంటే ఆయన నిద్ర చెడగొట్టింది పింగళి వెంకయ్య. జెండా వెంకయ్యగారు విజయవాడలో కన్నుమూసింది 1963 జులై 4న. పుట్టింది 1876 ఆగస్టు 2న. అమెరికా ప్రకటన మీద తారీఖు జులై 4, సంతకాలు పడ్డది 1776 ఆగస్టు 2. అంటే ఆ సంతకాలకు సరిగ్గా నూరేళ్లు నిండిన రోజున భట్లపెనుమర్రులో పుట్టి, ఆ కాగితం మీదున్న తారీఖున వెళ్లిపోయారు. అమెరికా జెండా మీద యాభయ్యో నక్షత్రం అధికారికంగా ఎక్కిందీ 1960 జులై 4ననే. రాత్రి పదకొండింటికి ఈ లంకె దొరికితే వ్యాసకర్త భార్యను లేపి చెప్పారు. "ఏమండీ, గ్యాస్ కట్టేశారా?" అని అడిగి ఆవిడ అటు తిరిగి పడుకున్నారు.

జెండా ముచ్చట ఇంకోటి ఉంది. 1898లో వివేకానందుడు అమెరికన్ శిష్యురాళ్లతో కశ్మీర్లో పడవ ఇళ్లలో ఉన్నారు. జులై 4 వస్తోందని వాళ్లకు తెలియకుండా ఒక దర్జీని పట్టుకొచ్చి అమెరికా జెండా కుట్టమన్నారు. ఆ దర్జీ చుక్కలూ చారలూ ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. ఏదో చేతనైనట్టు కుట్టి ఇస్తే, దాన్నే పచ్చటి కొమ్మలతో కలిపి భోజనాల పడవ ముందు మేకులతో కొట్టారు. జులై 4 మీద స్వామి ఇంగ్లీషులో ఒక పద్యం కూడా రాసి వినిపించారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1902లో, బేలూరు మఠంలో ఆయన వెళ్లిపోయింది కూడా జులై 4ననే. నలభై నిండలేదు.

1946 జులై 4 దగ్గర ఆ నోటు పుస్తకంలో చమత్కారం లేదు. ఆ రోజు కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు సంఘం ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. తెలంగాణ సాయుధ పోరాటానికి తొలి అమరుడని ఏటా ఆ తారీఖున ఆయన్ను తలుచుకుంటారు.

అదే రోజున మనీలాలో అమెరికా జెండా దిగి, ఫిలిప్పీన్స్ జెండా ఎక్కింది. స్వాతంత్ర్యమిస్తూ అమెరికా తన పుట్టినరోజునే వాళ్లకూ వేసింది, అచ్చం హెడ్మాస్టారి పద్ధతిలోనే. వాళ్లు పదహారేళ్లు ఓపిక పట్టారు. 1962లో అధ్యక్షుడు మకపగాల్, మేం స్పెయిన్ నుంచి విడివడ్డామని సొంతంగా చాటుకున్నది 1898 జూన్ 12న కదా అని, స్వాతంత్ర్య దినాన్ని ఆ తారీఖుకు మార్చేశారు. ఒక దేశం డేటాఫ్ బర్త్ దిద్దుకోగలిగింది! వ్యాసకర్త ఒకసారి తనదీ దిద్దించుకుందామని వెళితే, నోటరీ అఫిడవిట్టు, గెజిట్ ప్రకటన, పుట్టిన ఆస్పత్రి కాగితం తెమ్మన్నారు. పుట్టింది గొడ్ల సావిడి పక్క గదిలో. కాగితం ఇవ్వగలిగింది గేదె ఒక్కటే.

సైన్సు వాళ్లూ తక్కువ తినలేదు. 1054 జులై 4న చైనా జ్యోతిష్కులు ఆకాశంలో కొత్త 'అతిథి తార'ను చూసి రాసిపెట్టారు. ఆ పేలుడు శిథిలాన్నే ఇప్పుడు క్రాబ్ నెబ్యులా అంటున్నారు. 1943 జులై 4న సింగపూర్లో రాస్ బిహారీ బోస్ చేతుల్లోంచి సుభాష్ చంద్రబోస్ భారత స్వాతంత్ర్య సంఘం పగ్గాలు అందుకున్నారు. 2012 జులై 4న జెనీవా దగ్గర సెర్న్ శాస్త్రవేత్తలు హిగ్స్ బోసాన్‌ను పోలిన కొత్త కణం దొరికిందన్నారు. బోసాన్‌కు ఆ పేరు వచ్చింది సత్యేంద్రనాథ్ బోస్ వల్ల. ముగ్గురు బోసులకు ఒకటే తారీఖు. నాసా వాళ్లదైతే ముహూర్తాల పిచ్చే. 1997లో పాత్‌ఫైండర్ అంగారకుడి మీద గాలి సంచుల్లో బంతిలా ఎగిరెగిరి దిగింది, 2005లో డీప్ ఇంపాక్ట్ తోకచుక్కను ఢీకొట్టింది, 2016లో జూనో బృహస్పతి చుట్టూ కక్ష్యలోకి వెళ్లింది. అన్నీ జులై 4నే. వాళ్ల జులై 4 అర్ధరాత్రి దగ్గర పడుతుండగా జూనో కబురు వచ్చేసరికి మనకు అయిదో తారీఖు తొమ్మిదిన్నర కావస్తోంది. ఈ ఒక్క ఎంట్రీ పక్కన వ్యాసకర్త నిజాయితీగా ప్రశ్నార్థకం పెట్టారు.

నోటు పుస్తకం చూసి ఆఫీసులో ఒక మిత్రుడు పెదవి విరిచాడు. అతనిది జులై 1, ఇంకో హెడ్మాస్టారి సంతానం. "ఏడాదికి గదులు 366. చరిత్ర అంతా అందులోనే సర్దుకోవాలి. ఏ గది తలుపు తట్టినా పదిమంది ఉంటారు. నా జులై 1నే చూడు. డాక్టర్ బి.సి. రాయ్ 1882లో పుట్టిందీ ఆ రోజే, 1962లో పోయిందీ ఆ రోజే. కెనడా పండగ ఆ రోజే. స్టేట్ బ్యాంకు 1955లో మొదలైంది ఆ రోజే. జీఎస్టీ వచ్చిందీ ఆ రోజే" అన్నాడు. జీఎస్టీ ఘనత జులై 1కే ఉంచుకోమని వ్యాసకర్త ఉదారంగా ఒప్పుకున్నారు.

ఓ ఏడాది కొడుకు డాలస్ రమ్మన్నాడు. జులై 4 రాత్రి తొమ్మిదిన్నరకు పార్కులో మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటే, ఆకాశమంతా రంగులు విచ్చుకున్నాయి. "తాతయ్యా, ఇవన్నీ నీకే!" అంది మనవరాలు. వ్యాసకర్త ఆ మాటను ఖండించలేదు. అప్పుడే ఊరి నుంచి అమ్మ ఫోను.

"ఏంట్రా ఆ చప్పుళ్లు? ఎవరింట్లో పెళ్లి?"

"పెళ్లి కాదమ్మా. ఇవాళ జులై నాలుగు. నా పుట్టినరోజు కదా."

"నీ పుట్టినరోజు దసరా వెళ్లాక కదరా! ఆ హెడ్మాస్టారు అక్కడ కూడా తగలడ్డాడా? అయినా నాలుగేంటి, ఇక్కడ అయిదు. పొద్దున్నే నాలుగో కాగితం చింపేశాను."

"ఉంచమ్మా ఆ కాగితం, పారెయ్యకు."

"పారెయ్యలేదులే. వెనక పాలవాడి లెక్క రాసుకున్నా."