నా అట్ట మందం 4 మిల్లీమీటర్లు

మనుషులు బూటులో ఒక ముక్కకు నాలుక అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్లు మాట కూడా వినాలి కదా. నేను కుడికాలి జోడును. ఎడమది పక్కనే ఉంది గానీ దానికి చెప్పుకునేంత కథ లేదు. ముల్లు దిగింది నాకు.

నిజామాబాద్ వినాయక్‌నగర్‌లో కొరియర్ పిల్లవాడు డబ్బా ఇచ్చిపోయిన సాయంత్రం నా లోకజ్ఞానం మొదలైంది. మా సారుకు నలభై మూడేళ్లు. ఫైళ్ల ముందు కూర్చునే ఉద్యోగం. రక్తపరీక్షలో షుగరు ఇంకా రాలేదు గానీ గడప దాకా వచ్చి నిలబడిందని తేలాక, రోజూ పరుగెత్తాలని తీర్మానించుకున్నాడు. డబ్బా విప్పి, నన్ను అరచేతిలో పెట్టుకుని జొన్నరొట్టెను చుట్టినట్టు చుట్టాడు. చుట్టుకున్నాను. వదలగానే విప్పారాను. వంటింట్లోంచి అమ్మగారు చూసి, "ఇవి ఇంట్లేసుకునేటియా, బయటియా?" అంది.

అడగాల్సిన ప్రశ్నే. నా అట్ట మందం 4 మిల్లీమీటర్లు. లోపల దిండు లేదు. వేళ్ల దగ్గర మాత్రం విసనకర్రలా వెడల్పు. మామూలు పరుగు బూటులో ముందు భాగం కన్నా మడమ సుమారు 10 మిల్లీమీటర్లు ఎత్తున ఉంటుంది. నాలో రెండూ ఒకే మట్టం, దాన్నే జీరో డ్రాప్ అంటారు. ఉత్తకాళ్లతో నడిచినట్టుండే బూటు అని మమ్మల్ని అమ్ముతారు. ఉత్తకాళ్లు ఉత్తగానే వస్తాయి కదా అని మీకనిపిస్తే, మీరు పెద్దాయన పక్షం.

పెద్దాయన అంటే సారు తండ్రి. ఉండేది బోధన్ శక్కర్‌నగర్‌లో. ఆ ఆదివారం సారు నన్ను తొడుక్కునే పోయాడు, పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. పెద్దాయన అరుగు మీద కూర్చుని నన్ను చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నా అట్టను పట్టి నలిపాడు.

"గిదేందిరా, అట్ట మొత్తం అరిగిపోయినంక పంపిండ్రా?"

"గట్లనే ఉంటయి బాపూ. కాలికి భూమి తెలవాలె."

"ఎంతకు వడ్డయి?"

"ఐదు వేలు."

పెద్దాయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "టన్నున్నర చెరుకు," అన్నాడు. ఆయన లెక్కలన్నీ చెరుకులోనే. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఈ ఊళ్లో పెట్టిన నాటి నుంచీ ఆ ఇంట్లో అందరి లెక్కా అదే. మంజీర మీద నిజాంసాగర్ కట్టడంతో నీళ్లొచ్చాయి, నీళ్ల వెంట చెరుకొచ్చింది, చెరుకు వెంట సైరన్ వచ్చింది. ఆయన సీజన్ కూలీగా చేరి ముప్పై క్రషింగులు చూశాడు. బండ్ల మీంచి దించిన గడలను క్యారియర్ మీదికి తోసే పని. కింద ఎప్పుడూ రసం, మడ్డి, గడ్డిపీచు. మొదటి కొన్నేళ్లు ఉత్తకాళ్లే. తర్వాత టైరు చెప్పులు. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతబడింది. సైరన్ ఆగినా ఆయనకు ఇప్పటికీ ఆ వేళకే మెలకువ వస్తుందట.

సారు కళ్లు మాత్రం తండ్రి పాదం మీదున్నాయి. వెడల్పాటి పాదం. బొటనవేలికీ పక్కవేలికీ నడుమ వేలెడు సందు. సారు వేళ్లేమో చిన్నప్పటి నుంచీ మొనదేలిన బూట్లలో పెరిగి, బస్సులో సీటు దొరకని జనంలా ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి.

"నీ పాదం పుస్తకంల బొమ్మ లెక్కున్నది బాపూ."

"పుస్తకంల మోళ్లుంటయా?"

కొట్టేసిన చెరుకు తోటలో నడిచినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. కత్తి ఏటవాలుగా దిగిన మోడు కత్తికి తీసిపోదు.

మొదటి తప్పు సారుదే. నిజామాబాద్ పాత కలెక్టరేట్ మైదానంలో, వేసుకున్న మూడోనాడే, ఐదు కిలోమీటర్లు ఏకబిగిన పరుగెత్తాడు. చిన్నప్పుడు పరుగుపందేలతో మొదలుపెట్టి బాక్సింగులో ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ ఊరిది, ఇక్కడ గ్రౌండులో దిగితే ఎవరికైనా కొంచెం పూనకం వస్తుంది. మర్నాడు పొద్దున మెట్లు దిగలేక, గోడ పట్టుకుని వెనక్కి తిరిగి, పాకే పిల్లాడిలా దిగాడు. పిక్కలు రాళ్లయ్యాయి. నలభై ఏళ్లు ఎత్తు మడమల మీద నడిచిన కాలు అది. మడమను ఒక్కసారిగా నేలకు దించితే పిక్క కండరమూ, మడమ వెనక తాడులాంటి కండరబంధమూ సాగాలి. సాగడానికి వాటికి వారాలు కావాలి, నెలలు కావాలి. మూడు రోజులిచ్చాడు.

నన్ను తిట్టాడు. నన్ను తిట్టినవాళ్లు ముందూ ఉన్నారు. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన 'బార్న్ టు రన్' చదివి సగం ప్రపంచం బూట్లు విప్పింది. మరుసటేడు హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ బృందం, ఉత్తకాళ్లకు అలవాటుపడ్డ పరుగువీరులు ఎక్కువగా ముంగాలు ముందు ఆనిస్తారనీ, మడమ ముందు మోపేవాళ్ల కన్నా నేల దెబ్బ వాళ్లకు తక్కువనీ కొలిచి చూపింది. జనం మొదటి సగమే విన్నారు, అలవాటుపడ్డ అన్న మాట వదిలేశారు. 2013లో అమెరికాలో కొందరిని పది వారాల్లో మామూలు బూట్ల నుంచి వేళ్లు విడివిడిగా ఉండే పల్చటి బూట్లలోకి మార్చి స్కానింగు తీస్తే, సగానికి పైగా మందికి పాదం ఎముకల్లో నీరు చేరింది. అలాంటి బూట్లు చేసే వైబ్రమ్ కంపెనీ మీద, పాదాలు గట్టిపడతాయన్న ప్రకటనలకు ఆధారం లేదంటూ కేసు పడింది. 2014లో తప్పు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకున్నారు. మా వంశంలో ఇది దాచుకునే ముచ్చటేం కాదు.

గర్వపడే ముచ్చటా ఉంది. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియా సైనికుడు అబేబే బికిలా ఉత్తకాళ్లతో గెలిచాడు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బూట్లు తొడుక్కుని మళ్లీ గెలిచాడు. అభిమానులు రోమ్‌తో కథ ఆపేస్తారు. టోక్యో కూడా చెప్పాలని నా పట్టుదల. ఈ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండా, ఎవరెస్ట్ ఎక్కింది. ఆ మంచులో నాలాంటి జోడు వేసుకుని ఉంటే వేళ్లు అక్కడే వదిలి రావాలి.

సారు తగ్గాడు. మొదట ఇంట్లో, తర్వాత రోజుకు పది నిమిషాలు నడక, ఆ తర్వాత గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు. రెండు నెలలకు అడుగు చిన్నదైంది, చప్పుడు తగ్గింది. అంతకుముందు గోడ మీద పిడకలు కొట్టినట్టు పడేవాడు. నాలుగో నెలలో ఆర్మూర్ సిద్ధులగుట్టకు తీసుకుపోయాడు. మెట్ల దారి వదిలి బండల మీదుగా ఎక్కాం. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న నల్లబండలు. వాటి గరుకుతనం నాలోంచి నేరుగా ఆయన అరికాలికి పోతుంటే, నేను పుట్టిన పని ఇదేనని తెలిసింది. బండ అంచు ఎక్కడ ఆగుతుందో కళ్లకన్నా ముందు వేళ్లకే తెలిసేది. పైన నవనాథ సిద్ధేశ్వరుడి గుడి. గుడి ముందు ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. ఉత్తకాళ్ల సుఖం కోసం ఐదు వేలు పెట్టి కొన్న జోడును బయట విడిచి, ఉత్తకాళ్లతో లోపలికి పోయాడు. మధ్యాహ్నం కాలే బండ మీద ఎగిరెగిరి తిరిగొచ్చి నాలో దూరిన వేగం చూస్తే నవ్వొచ్చింది.

ముల్లు కథ బోధన్‌ది. పెద్దాయనతో పొలం గట్టు మీద నడుస్తుండగా సర్కారు తుమ్మ ముల్లు, వేలెడంత, నా మధ్యలోంచి దిగింది. నాలుగు మిల్లీమీటర్లు దానికొక లెక్కా? సారు కేకపెట్టి ఒంటికాలి మీద నిలబడ్డాడు. పీకితే రక్తం ఆవగింజంత. పెద్దాయన నవ్వి, "భూమి తెలిసిందా?" అన్నాడు. అప్పుడే సారు 'బార్న్ టు రన్' పుస్తకంలోని, మెక్సికో కొండల్లో ఉండే రరామురి వాళ్ల సంగతి చెప్పాడు. పాత టైర్లు కోసి, తోలు తాళ్లు కట్టుకుని, రోజంతా కొండల్లో పరుగెత్తుతారని.

"టైరు చెప్పుల మీద పుస్తకం రాసిండ్రా? మరి మా అందరి మీద రాయలె?"

ఆ మాట నవ్వులోనే పోయింది గానీ, ఆ తర్వాత మాట పోలేదు. "నాకు ఇష్టమై తిరిగిననారా ఉత్తకాళ్లతోని? బోనస్ రాంగనే ముందు నీకు బూట్లు కొన్న. నాకు కాదు." సారు నన్ను చూసుకున్నాడు. ముల్లు దిగిన చోట ఇంకా మండుతున్నట్టుంది, మాట్లాడలేదు.

నెల తిరక్కుండానే పెద్దాయన టైరు చెప్పుకూ ముల్లు దిగింది. కాదు, మొల. కిరాణా దుకాణం నుంచి ఇంటిదాకా నడిచొచ్చి, చెప్పులు విడిచి, నీళ్లు తాగి మంచం మీద కూర్చున్నాడు. సిమెంటు గచ్చు మీద వంటింటిదాకా ఎర్రటి ముద్రలున్నాయి. చూసింది సారు తల్లి. ఆయనకు తెలియలేదు. కేకలేదు, ఒంటికాలి మీద నిలబడటమూ లేదు.

ఆసుపత్రిలో డాక్టరు నైలాన్ తీగ ఒకటి తెచ్చాడు. వంగేదాకా నొక్కితే సరిగ్గా 10 గ్రాముల బరువు పడుతుంది. కళ్లు మూసుకోమని, అరికాలిలో పది చోట్ల తాకిస్తూ పోయాడు. పెద్దాయన "ఊ" అన్నది మూడుచోట్లే. పన్నెండేళ్ల షుగరు, కాలి నరాలు మొద్దుబారాయి. బయటికొస్తూ ఆయనే అన్నాడు, "ముప్పై సీజన్లు షుగర్ దీసినోనికి షుగరు రాకపోతే ఎట్ల?"

ఇంట్లో కూడా ఉత్తకాళ్లతో తిరగొద్దన్నారు. రాత్రి అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోవాలన్నారు. తొడుక్కునే ముందు చెప్పులో చెయ్యిపెట్టి తడమాలన్నారు. ఎంసీఆర్ చెప్పులు, అంటే మైక్రోసెల్యులర్ రబ్బరువి, రాసిచ్చారు. వాటి పుట్టుక కుష్ఠు వైద్యంలోనిది. స్పర్శ పోయిన పాదం పుండును తెలుసుకోలేదని, వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ బృందం మెత్తటి గాలిబుడగల రబ్బరుతో చెప్పులు చేయించింది. ఇక్కడికి దగ్గర్లోనే, డిచ్‌పల్లిలో, స్కాట్లండు డాక్టర్ ఇసబెల్ కెర్ నడిపిన కుష్ఠు ఆసుపత్రికి వందేళ్లు దాటాయి. అలాంటి చెప్పులకు పైన మెత్తన, అడుగున ముల్లు దిగనంత గట్టి రబ్బరు, ఎక్కడా మేకు ఉండకూడదు. అడుగుకు పాత టైరు ముక్క వేసేవాళ్లూ ఉన్నారు.

సారు తన కాళ్లూ చూపించుకున్నాడు. పది చోట్లా "ఊ". నన్ను వేసుకోవచ్చన్నారు, ఏటేటా వచ్చి చూపించుకొమ్మన్నారు.

ఇప్పుడు ఆదివారాల్లో మేం శక్కర్‌నగర్ గడప ముందు పక్కపక్కన ఉంటాం, నేనూ ఆ లావు చెప్పులూ. వాటితో నాకు మాటల్లేవు, వాటికి నాలుక లేదు. మొన్న తెల్లారకముందే, సైరన్ మోగే వేళకు, పెద్దాయన లేచొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒక చెప్పు ఎత్తి లోపల వేళ్లతో మెల్లగా తడిమాడు. రెండోదీ తడిమాడు. అలవాటులో చెయ్యి నాలోకీ వచ్చింది. బిరుసు వేళ్లు. మడమ నుంచి ముందుకు జరుగుతూ, మోచీ లోపల అతికిన పట్టీ దగ్గర ఆగాయి. దాని అంచు చుట్టూ ఒకసారి తిరిగాయి.

"గీడనేనారా ముల్లు దిగింది?" అన్నాడు, లోపల నిద్రపోతున్న సారుకు వినిపించనంత మెల్లగా. తర్వాత నన్ను బోర్లించి రెండుసార్లు దులిపి, ఎడమదాని పక్కన పెట్టాడు.