హెర్రింగు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “మామా, ఆమ్‌స్టర్‌డామ్‌లో హెర్రింగు తిన్నా. అదీ చేపంటే! ఈ కరవాడు మీరెట్ల తింటారో!”

అవతారిక: పావగడ సంతలో తెచ్చిన కరవాడు, అనగా ఎండుచేప, పులుసు పెట్టి, రాగిముద్దతో వడ్డించిన ఇంట బెంగళూరు అల్లుడు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకొని సెలవిచ్చిన వాక్యమిది.

టీక: మామా – స్పష్టం. తిన్నా – స్పష్టం. ఆమ్‌స్టర్‌డామ్‌లో – షష్ఠీ విభక్తి, ఇక్కడ గర్వార్థకం.

హెర్రింగు – ఉత్తర అట్లాంటిక్‌లో మందలుగా తిరిగే వెండిచేప. కంటికానని రొయ్యజాతి జీవుల్ని తాను తిని, తిమింగిలాలకు తానే అన్నమవుతుంది. ఒంట్లో కొవ్వు 16 శాతమైనా లేకపోతే డచ్చివారు దాన్ని ‘కొత్త హెర్రింగు’ అనరు. ఇక కోత. మొప్పల దగ్గర కత్తి దూర్చి మొప్పలూ పేగులూ లాగేస్తారు, క్లోమాన్ని మాత్రం వదిలేస్తారు. ఏల? ఉప్పులో మాంసాన్ని మెత్తబరచి రుచికి తెచ్చేది క్లోమరసమే గనుక. ఈ కోతను 14వ శతాబ్దిలో బీర్‌వ్లీట్ ఊరి విలెం బ్యూకెల్స్‌జోన్ కనిపెట్టాడని ఐతిహ్యం. ఐతిహ్యం ప్రమాణమా? మీమాంసకులు ఒప్పరు, పౌరాణికులు ఒప్పుతారు. మేము ఈ ఒక్కచోట పౌరాణికులం. పారేసే పేగుల్లోంచి పనికొచ్చే అవయవాన్ని ఏరిన ఆ చేతికి, ఎవరిదైనా సరే, నమస్కారం. అలా ఉప్పుపట్టిన చేపే పీపాలకెక్కి సముద్రం ఎరగని ఊళ్ళకు చేరింది. ఐసుపెట్టెలు లేని రోజుల్లో పావగడకు సముద్రం చేరిందీ ఉప్పులోనే.

అల్లుణ్ణి మరిచాం. ఉప్పులో ఊరినా వండని ఆ పచ్చిచేప తిన్నానని ఆయన గొప్ప. నులిపురుగుల భయంతో దాన్ని ముందు గడ్డకట్టించాలని అక్కడ 1968 నుంచీ చట్టం. ఆ సంగతి మూలంలో లేదు.

అదీ చేపంటే – ‘ఇది కాదు’ అని ధ్వని. ధ్వని దుష్టం. సంత గంపలోని నెత్తళ్ళూ, మంగళూరు బూతాయీ, గోదావరి పులసా, ఆ హెర్రింగూ అన్నీ క్లూపీఫార్మీస్ అనే ఒకే గణం. సగోత్రీకుల్లో ఒకరు రేవుకొస్తే డచ్చివారి జెండాల పండుగ, ఇంకొకరికి రుమాలా? “మామా, మా అపార్టుమెంటుకు మాత్రం కరవాడు తేవద్దు, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో” అని ఫోను చేసిందీ ఈ నోరే. ఆ పక్కింటివాళ్ళకు ఆమ్‌స్టర్‌డామ్ ఫొటోలన్నీ చూపించాడట.

పాఠాంతరం: ‘మీరెట్ల తింటారో’ అన్నచోట, వీసా రాకమునుపటి ప్రతుల్లో ‘ఇంకో గరిటె పులుసెయ్యండత్తా’ అని ఉంది. అత్తగారు ఆ పాఠాన్నే సమర్థిస్తున్నారు.