నా మీద ఒక గడి ఖాళీ

నేనొక కాగితాన్ని. పేరు కాస్త పొడుగు: అనుమానిత మందు దుష్ప్రభావ నివేదిక ఫారం. ఒంటినిండా గడులే. చిన్న అక్షరాల్లో ఒక భరోసా కూడా ఉంటుంది: నన్ను నింపినంత మాత్రాన డాక్టరుదో కంపెనీదో తప్పని ఒప్పుకున్నట్టు కాదని. ఆ ముక్క చదివే ఓపిక ఎవరికుంది? చదివి ఉంటే నన్ను చూసి ఇంతమంది జంకరు.

మా వంశం మొదలైంది ఒక ఘోరంతో. థాలిడోమైడ్ మాత్ర వేసుకున్న గర్భిణులకు చేతులూ కాళ్లూ సరిగా ఎదగని పిల్లలు పుడుతున్నారని 1961లో బయటపడింది. మందు దుకాణానికి చేరాక కూడా దాని మీద ఓ కన్నేసి ఉంచాలని లోకానికి అప్పుడు తెలిసొచ్చింది. మన దేశంలో ఇప్పుడు నడుస్తున్న ఆ నిఘా కార్యక్రమం 2010లో మొదలైంది. నా మీద రాసింది ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కు, అక్కణ్నుంచి స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉన్న ప్రపంచస్థాయి నివేదికల కేంద్రానికి వెళ్తుంది. నెలసరి నొప్పికి వేసుకునే మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా ప్రమాదకరమైన అలర్జీ రావచ్చని 2023 నవంబరు చివర్లో ఆ కమిషన్ హెచ్చరించింది. దాని వెనక ఉన్నది నాలాంటి నివేదికలే.

నేనుండేది మేడ్చల్ దారిలో ఓ ఆసుపత్రిలో. ఈ చుట్టుపక్కల మందులకేం కొదవ? షామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు పోతే జీనోమ్ వ్యాలీ. కొవాగ్జిన్ పుట్టింది అక్కడే. ఫార్మసీ కాలేజీలు సరేసరి. మందు తయారుచేసేవాళ్లు ఇంతమంది ఉన్నచోట, వేసుకున్నాక ఏమైందని అడగడానికి మాత్రం మా ఆసుపత్రిలో ఒకటే కుర్చీ. అందులో ఫార్మ్-డీ ఆరో ఏడు ఇంటర్న్‌షిప్ చేస్తున్న అమ్మాయి.

ఈమధ్య ఆమె శిక్షణలోకి కృత్రిమ మేధ వచ్చింది. నన్ను స్కాన్ చేసి పెడితే చాలు, డాక్టరుగారి కోడిగీతల్ని కూడా చదివేస్తుంది. రోగలక్షణాలకు కోడ్‌లు వేస్తుంది, కేసు కథనం రాసిపెడుతుంది. ఒకే రోగి గురించి ఇద్దరు పంపిన ఫారాలనూ పసిగడుతుంది. నాకేం కడుపుమంట లేదు. అయినా ఇదేమంత కొత్త సంగతి కాదు. లక్షల నివేదికల్లో ఏ మందుకూ ఏ బాధకూ లంకె ఉందో వెతకడానికి ఉప్సాలావాళ్లు 1998 నాటికే న్యూరల్ నెట్‌వర్క్ వాడారు.

ఓరోజు నా మీద ఒక పెద్దామె వివరాలు పడ్డాయి. పేరు రాయరు, పొడి అక్షరాలే. కీళ్లవాతం. మందు మెథోట్రెక్సేట్. నోరంతా పూసింది, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. మోతాదు రాశారు, మొదలుపెట్టిన తేదీ రాశారు. ఎన్నాళ్లకోసారి వేసుకుంటున్నారన్న గడి మాత్రం వదిలేశారు.

యంత్రం కథనం చక్కగా రాసింది. అందులో ‘వారానికి ఒకసారి’ అని ఉంది. కీళ్లవాతానికి ఆ మందు అలాగే ఇస్తారు మరి. లోకరీతి ఎరిగిన యంత్రం ఖాళీని లోకరీతితో పూడ్చేసింది. చదివితే ఎక్కడా అనుమానం రాదు.

అమ్మాయి తెరను చూసింది, నన్ను చూసింది. మళ్లీ తెరను చూసింది. నన్ను అట్టకు తగిలించుకుని వార్డుకు నడిచింది.

“అవ్వా, ఈ గోలీ ఎప్పుడెప్పుడు ఏస్కుంటున్నవ్?”

“రోజూ పొద్దుగాల ఒకటి బిడ్డా. తప్పకుండ ఏస్కుంటున్న.”

దిండు కింద నుంచి స్ట్రిప్ తీసి చూపించింది. పది మాత్రల్లో ఒక్కటే మిగిలింది. వారానికోసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంది. ఖాళీ గడిలో అమ్మాయి పెన్నుతో ‘రోజూ’ అని రాసి కింద గీత గీసింది. డాక్టరు వెంటనే ఆ మాత్ర ఆపించి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ మొదలుపెట్టారు. పెద్దామె కోలుకుని ఇంటికెళ్లింది.

కేసు స్వరూపమే మారిపోయింది. అది మందు గుణం వల్ల వచ్చిన బాధ కాదు, వాడకంలో జరిగిన పొరపాటు. మొదటిదైతే మందును అనుమానించాలి. రెండోదైతే చీటీనీ, స్ట్రిప్‌నీ, దుకాణంలో చెప్పిన మాటనీ సరిచేయాలి. ఇదే పొరపాటు ప్రాణాలు తీస్తోందని యూరప్ మందుల ఏజెన్సీ 2019లో కొత్త జాగ్రత్తలు సూచించింది, డబ్బా మీద కొట్టొచ్చినట్టు హెచ్చరిక ఉండాలంది. అదే ఏజెన్సీ 2024లో మందుల విషయంలో కృత్రిమ మేధ వాడకంపై ఒక పత్రం వెలువరించింది. యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో చూసుకునే పూచీ దాన్ని వాడే కంపెనీదేనని అందులో ఉంది. మంచిదే. కానీ పూచీ ఎవరిదైనా, ఆ వార్డు దాకా నడవాల్సినవాళ్లు ఒకరుండాలిగా!

నన్నడిగితే శిక్షణలో మొదటి నెల కంప్యూటరే ముట్టుకోనివ్వను. మంచాల చుట్టూ తిప్పుతాను. ఏ గడి ఎందుకుందో తెలిశాక యంత్రం ఇచ్చినా భయం లేదు.

ఇక మీకో మాట. మందు వేసుకున్నాక ఏదైనా తేడా చేస్తే ముందు డాక్టరుకు చెప్పండి. తర్వాత 1800-180-3024కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు. రోగులు తామే నింపుకునే ఫారం తెలుగులోనూ ఉంది. ఫోన్ చేసేటప్పుడు స్ట్రిప్ దగ్గర పెట్టుకోండి, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది. రోజుకెన్ని వేసుకున్నారో అడక్కపోయినా చెప్పండి.