హుమ్మకు ఇటలీ ఉప్పు

తిండి తెలిసిన మనిషికి బహుమతి కొనడం కన్నా అప్పివ్వడం సుఖం. అప్పు తిరిగి రాదని ముందే తెలుసు. బహుమతి అలా కాదు, నాలుగిళ్ళు తిరిగి మళ్ళీ మన గుమ్మంలోకే వస్తుంది.

బరంపురంలో మా బావగారి షష్టిపూర్తి. పట్టుపంచెలు ఆయనకు బీరువా నిండా ఉన్నాయి. వెండి గిన్నె ఇద్దామంటే వెండి ధర చూసి నేనే నోరు మూసుకున్నాను. "మావయ్య ఫుడ్డీ కదా నాన్నా, ఇటాలియన్ హ్యాంపర్ ఇద్దాం, క్లాసీగా ఉంటుంది" అని బెంగుళూరు నుంచి మా అమ్మాయి తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచి నా ఫోను నిండా సీసాలే. పొద్దున్న పంచాంగం చూద్దామని తెరిస్తే ఆలివ్ నూనె, రాత్రి వార్తలు చూద్దామంటే ఎండబెట్టిన టమాటాలు.

బావగారు ఫుడ్డీ అన్న మాటలో అబద్ధం లేదు. పెళ్ళిభోజనంలో పులిహోర నోట్లో పెట్టుకుని, ఇంగువ నూనె కాగాక వేశారో, దించాక గుర్తొచ్చి వేశారో విస్తరి ముందే చెప్పేస్తారు. వంటవాళ్ళు ఆయన్ని చూసి గాడిపొయ్యి వెనక్కి జరుగుతారు. అలాంటి మనిషికి, అందులోనూ ఉల్లిపాయను కూడా తిథి చూసి తినే శుద్ధ శాకాహారికి, ఇటలీ నుంచి ఏం తెప్పించాలి?

ముందు జున్ను చూశాం. పార్మిజానో రెజ్జానో అని పెద్ద పేరున్న సరుకు. ఒక్కో చక్రం నలభై కిలోల దాకా తూగుతుందట, కనీసం 12 నెలలు మాగితే గానీ దానికి ఆ పేరు పెట్టనివ్వరట. మా ఇంట్లో మాగాయ ముక్క ఊరేదాకా ఆగేవాళ్ళు లేరు, వాళ్ళకు ఏడాది ఓపిక! ముచ్చటేసి ఇంకాస్త చదివితే, పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వేస్తారని తేలింది. బదులుగా ఇంకేదైనా వేస్తే ఆ పేరు వాడుకోనివ్వరు. షష్టిపూర్తి హోమం పక్కన ఆ పెట్టె ఉండటం ఊహించుకుని మా ఆవిడ చెంపలు వేసుకుంది. జున్ను పోయింది. బొత్తార్గా అని ఇంకోటి కనిపించింది. చేపగుడ్లను ఉప్పులో వేసి, నొక్కి, ఎండబెట్టి అమ్ముతారు. ఆ చేప ఎవరో కాదు, మా చిలికా సరస్సులో దొరికే ఖైంగాయే. ఇక్కడ బుట్టలో పడుకునే చేప అక్కడ బంగారు కాగితం చుట్టుకుని కూర్చుంది. అదీ పోయింది.

ట్రఫుల్ నూనె దగ్గర అమ్మాయి గట్టిగా పట్టుబట్టింది. చాలా సీసాల్లో ట్రఫుల్ పుట్టగొడుగే ఉండదనీ, ప్రయోగశాలలో తయారైన వాసన ఉంటుందనీ చెబితే, "వాసనే కదా నాన్నా ముఖ్యం" అంది. దేశంలో మొగలి అత్తరులో చాలా భాగం మా గంజాం జిల్లాదే. పూలు కోసి, రాగి డేగిసాల్లో మరిగించి, ఆవిరిని చల్లార్చి వాసన పట్టే మనుషుల మధ్య పుట్టినవాణ్ణి. నకిలీ వాసన కోసం డబ్బు కట్టడానికి చెయ్యి రాలేదు.

చివరికి అమ్మాయే ఒక పెట్టె ఖాయం చేసి బొమ్మ పంపింది. పాస్తా, నూనె, నల్లటి వెనిగర్, టమాటాలు. వాటి మధ్యన, మూతకి రిబ్బను కట్టుకుని, ఒక గాజు డబ్బా. దాని మీద: త్రాపాని సముద్రపు ఉప్పు.

ఉప్పు. హుమ్మకు.

మా ఊరు తెలియనివాళ్ళకు ఒక్క మాట. మద్రాసు నుంచి హౌరా వెళ్ళే రైల్లో గంజాం దాటాక, రంభ రాకముందు, కిటికీలోంచి తెల్లటి కుప్పలు కనిపిస్తే అదే హుమ్మ. ఇక్కడ మడుల్లో వరి పండినట్టే ఉప్పూ పండుతుంది. ఉప్పునీటిని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి పారిస్తారు, ఎండకి చిక్కబడనిస్తారు, అడుగున గట్టిపడ్డాక చెక్క పారతో లాగి గట్టు మీద కుప్ప పోస్తారు. వాన పడితే ఆ ఏటికి పని సరి. సిసిలీ దీవిలోని త్రాపానిలోనూ అక్షరాలా ఇదే పని. అక్కడ పూర్వం నీళ్ళు తోడటానికి గాలిమరలు ఉండేవి, కుప్పల మీద పెంకులు కప్పుతారు, చూడటానికి విమానాల్లో జనం వస్తారు. ఇక్కడ చూడటానికి రైల్లో వెళ్ళేవాళ్ళున్నారు, వాళ్ళలో సగం మంది నిద్రలో ఉంటారు.

ఆ డబ్బా ప్రయాణం తలుచుకుంటేనే నాకు నీరసం. మధ్యధరా సముద్రం దాటాలి, ఎర్ర సముద్రం దాటాలి, అరేబియా సముద్రం దాటాలి. ఇన్ని ఉప్పుసముద్రాల మీదుగా ఒక గుప్పెడు ఉప్పు! ఓడరేవులో దిగి, సుంకం కట్టి, లారీ ఎక్కి, జాతీయ రహదారి మీద ఉప్పు కుప్పల పక్కనుంచి వచ్చి మా ఇంటి ముందు ఆగాలి. ఉప్పు మీద పన్నేమిటని తెల్లదొరలతో తగువు పడిన ఊరు ఇది. 1930లో హుమ్మలోనూ ఉప్పు సత్యాగ్రహం జరిగింది. అప్పటికి మేము మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, 1936 ఏప్రిల్ 1న ఒడిశాలోకి వచ్చాం. అప్పుడు ఊరి ఉప్పుకు పన్ను కట్టమంటే కాదన్నాం, ఇప్పుడు పరాయి ఉప్పుకు సుంకం కట్టి రిబ్బను కూడా కట్టించుకుంటున్నాం.

డబ్బా మీద గర్వంగా ఇంకో ముక్క రాసుంది, ఇందులో ఏమీ కలపలేదని. మా మడుల ఉప్పులోనూ ఎవరూ ఏమీ కలపరు. కలపలేదు కాబట్టే తిండికి అమ్మకూడదు, అయోడిన్ ఉండి తీరాలని 2006 నుంచి దేశమంతా నిబంధన. ఒకే లక్షణం, అక్కడ ఘనత, ఇక్కడ నేరం. ఆ డబ్బా ధరకు మా ఊళ్ళో ఎన్ని బస్తాల ఉప్పొస్తుందో లెక్క కట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. నాకు రక్తపోటు. డాక్టరుగారు ఉప్పు జోలికి వెళ్ళొద్దన్నారు.

నవ్వులాట పక్కన పెడితే, ఆవకాయ రోజుల్లో మా ఇంటి నుంచి బరంపురానికి రాళ్ళుప్పు మూట వెళ్ళేది. మా అత్తగారు దాన్ని ఎండబోసి, దంచి, జల్లించి, "హుమ్మ ఉప్పు లేకపోతే ముక్క మెత్తబడుతుంది" అనేవారు. అందులో నిజమెంతో ఆవిడకే తెలియాలి. మూట తెచ్చినవాళ్ళు తిరుగు బస్సెక్కేటప్పుడు చేతిలో అప్పడాల కట్ట ఉండేది. ఎవరూ దాన్ని బహుమతి అనుకోలేదు. ఆవిడ పోయారు. తర్వాత ఎవరూ మూట అడగలేదు, మేమూ పంపలేదు. గోనెసంచీతో చుట్టాలింటికి వెళ్ళడం బాగోదని ఎవరు మొదట అనుకున్నారో గుర్తులేదు. గట్టు మీద పార పట్టుకున్నవాడు మాత్రం ఇప్పటికీ అదే ఎండలో ఉన్నాడు.

సరే, మీకూ నాలాంటి గతి పట్టినప్పుడు పనికొచ్చే సంగతులు చెబుతాను. నల్ల వెనిగర్‌లో రెండు జాతులున్నాయి. "మోదెనా బాల్సమిక్ వెనిగర్" అని మామూలుగా దొరికేది ద్రాక్షసారంలో ద్రాక్ష వెనిగర్ కలిపింది, కనీసం రెండు నెలలు నిలవుంచితే చాలు. "సంప్రదాయ" అన్న మాట అధికారికంగా ఉన్నది వేరు. ఉడికించిన ద్రాక్షరసం ఒక్కటే, కనీసం 12 ఏళ్ళు, సీసా 100 మిల్లీలీటర్లు. మొదటిదానికి రెండోదాని ధర కట్టకండి. ఆలివ్ నూనె పాతబడితే మంచిదవుతుందనుకోకండి, వెలుతురుకీ కాలానికీ చెడుతుంది. ఇటలీలో సీసాలో పోసినంత మాత్రాన ఇటలీలో పండినట్టు కాదు. స్పెయిన్‌దో ట్యునీషియాదో కావచ్చు, వెనక చిన్న అక్షరాల్లో రాసుంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. శాకాహారులకు జున్ను ఇచ్చే ముందు అది దేనితో విరిగిందో అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది, ఇచ్చేటప్పుడు సీల్ మీరే తీసేసి, మూత వదులు చేసి ఇవ్వండి. మూత తీయని ఇటలీ సీసాను బరంపురంలో ఇంతవరకూ ఎవరూ తినలేదు. గిరి రోడ్డు నుంచి బడా బజారుకీ, అక్కణ్ణుంచి ఛత్రపురానికీ గృహప్రవేశాలూ పుట్టినరోజులూ చూసుకుంటూ తిరుగుతూనే ఉంటుంది.