మడుగు ఎవరిది, ముక్కు ఎవరిది?

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీలోకి హస్కీ పిల్ల దిగింది. సైబీరియా మంచులో బండి లాగిన జాతి. ఇక్కడ మే నెలలో ఏసీ గదికి కాపలా. దాన్ని తెచ్చుకున్న సారుకు రాత్రి పదైతే గానీ తీరిక దొరకదు. అప్పటికి మార్బుల్ మీద మడుగు సిద్ధం. విచారణ లేదు, వాయిదా లేదు. మెడ పట్టుకుని ముక్కును అందులో రుద్దడమే.

రెండు నెలల పిల్ల పట్టుమని మూడు గంటలు ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బయటికి తీసుకెళ్లాలి. పని కానిచ్చిన క్షణంలోనే చిన్న ముక్క పెట్టి మెచ్చుకోవాలి. ఆలస్యంగా తిడితే దానికి తలకెక్కేది ఒకటే: ఈయన కళ్లబడకూడదు, సోఫా వెనకైతే క్షేమం! పైగా అమోనియా కలిసిన క్లీనర్‌తో తుడిస్తే ఆ వాసన మూత్రాన్నే తలపిస్తుంది. అంటే, సారే బోర్డు పెట్టి పిలుస్తున్నట్టు.

ఇక వాకింగ్. ముందు టీకాలు పూర్తవ్వాలి, లేకపోతే పార్వో వైరస్ కాచుకుని ఉంటుంది. పట్టీ ఇంట్లోనే అలవాటు చేయాలి, హారన్ల మోతను దూరం నుంచి కొంచెం కొంచెంగా వినిపించాలి. సారు మాత్రం తొలిరోజే ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీదికి తీసుకెళ్లారు. పిల్ల బెదిరి కారు కిందికి దూరింది. రీల్ బాగానే వచ్చింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద షికారు. కుక్క వట్టి పాదాలతో, సారు స్పోర్ట్స్ షూలతో. వెనకాల కవరు పట్టుకుని వాచ్‌మన్.