పడటం నా మీదే నేర్చుకుంటారు

నేను జూడో మ్యాట్‌ని. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, నాలుగు సెంటీమీటర్ల మందం. లోపల ముక్కలుగా కోసి గట్టిగా అదిమిన ఫోమ్, పైన నీలంరంగు వినైల్ తొడుగు, అడుగున జారనివ్వని రబ్బరు పొర. విశాఖపట్నంలో, సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టిన ఒక హాల్లో ఉంటాను. నాలాంటివాళ్ళమే చాలామందిమి అంచుకు అంచు ఆనించుకుని పరుచుకుని ఉన్నాం. మా మధ్య సందు వస్తే పిల్లల కాలివేళ్ళు ఇరుక్కుంటాయి. అందుకే మాస్టారు క్లాసుకు ముందు వంగి చూసి, అరచేత్తో నొక్కి మమ్మల్ని సర్దుతారు. క్లాసు అయ్యాక మందునీళ్ళతో తుడిపిస్తారు. చెమట అలాగే ఆరిపోతే ఒకరి తామర ఇంకొకరికి అంటుకుంటుంది. గోళ్ళు తీసుకోకుండా వచ్చిన పిల్లాణ్ణి నా మీద కాలు పెట్టనివ్వరు, నెయిల్ కట్టర్ చేతికిచ్చి మూల కూర్చోబెడతారు.

మా పెద్దలు గడ్డితో పుట్టారు. వరిగడ్డి దట్టించి, పైన తుంగ అల్లిన తాతామి చాపలు వాళ్ళు. 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో జూడోకి ఆద్యుడైన కానో జిగోరో కోడోకాన్ అనే తన శిక్షణశాలను మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకు 21 ఏళ్ళు. చిన్నప్పుడు బక్కగా, పొట్టిగా ఉండేవాడు. బలమైన పిల్లలు ఏడిపిస్తుంటే జుజుత్సు అనే పోరాటవిద్య నేర్పే గురువులను వెతుక్కుంటూ వెళ్ళాడు. విద్య చేతికొచ్చాక అక్కడితో ఆగిపోలేదు. ఇద్దరు మనుషులు పూర్తి బలంతో తలపడి కూడా ఇద్దరూ క్షేమంగా ఇంటికి వెళ్ళేలా ఆ విద్యను మార్చాడు. ప్రమాదకరమైన దెబ్బలను రోజువారీ సాధనలోంచి తీసేశాడు. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాలకు చాలాఏళ్ళు అధిపతిగా ఉన్నాడు కూడా. జూడో పుట్టుకలోనే బడి ఉందని నేననుకోవడానికి కారణం అదే.

కొత్త పిల్లల్ని పాదాలను బట్టే గుర్తుపడతాను. వేళ్ళు ముడుచుకుని, మడమ ఆనించకుండా నిలబడతారు. వాళ్ళను మొదటిరోజు ఎవరూ ఎత్తిపడేయరు. వెల్లకిలా పడుకోమంటారు. గడ్డం ఛాతీకి ఆనించి బెల్టు ముడి చూడమంటారు. రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా చాచి, అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి నా మీద చరచమంటారు. హాలంతా మోగుతుంది. అది వచ్చాక కూర్చుని వెనక్కి పడతారు, తర్వాత గొంతుక్కూర్చుని, తర్వాత నిలబడి. వారాలు పడుతుంది.

బయట బెంచీ మీద కూర్చున్న తల్లులకు ఇది నచ్చదు. “ఇంకా ఫైటింగు మొదలెట్టలేదేంటి సార్? నెల కావస్తోంది” అని అడుగుతారు. “ముందు పడనివ్వండమ్మా” అంటారు మాస్టారు. ఆయన మాటే నా మాట కూడా. పడబోయే పిల్లవాడు అప్రయత్నంగా చెయ్యి వెనక్కి చాపి నేలకు ఊతమిస్తాడు. ఒంటి బరువంతా ఆ ఒక్క మణికట్టు మీద పడి విరిగేది అప్పుడే. దాన్ని దాటి బరువు పైకి పాకితే మోచెయ్యో, మెడ కింది ఎముకో. చేతులు చాచి చరచడం అలవాటైన పిల్లవాడి ఒంట్లో అదే విసురు వీపుకీ చేతులకీ పరుచుకుపోతుంది. ఛాతీకి ఆనిన గడ్డం తలను నేలకు తగలనివ్వదు. సైకిలు మీంచి పడినా, తడి బాత్‌రూమ్‌లో జారినా ఆ అలవాటు తోడుంటుంది. వీధిలో ఎవరితోనైనా కొట్లాడాల్సిన రోజు చాలామంది పిల్లలకు జీవితంలో ఒక్కసారి కూడా రాదు. పడే రోజు అందరికీ వస్తుంది.

ఎత్తిపడేయడం నేర్పేటప్పుడు మాస్టారు మరీ పట్టుబట్టేది ఒకటుంది. విసిరేవాడు ఎదుటివాడి చొక్కాచేతిని చివరిదాకా వదలకూడదు. పడుతున్నవాడు నన్ను తాకే క్షణంలో ఆ చేతిని పైకి లాగి పట్టుకోవాలి. అలా పట్టుకుంటేనే తల పైకి ఉంటుంది, పక్క ముందు ఆనుతుంది. గెలిచినవాడి మీద ఓడినవాడి బాధ్యత ఉంటుందని ఎనిమిదేళ్ళవాడికి ఉపన్యాసమిచ్చి చెప్పలేం. చొక్కాచెయ్యి పట్టించి చెప్పగలం. పట్టు జారవిడిచిన పిల్లవాడు ఎంత అందంగా విసిరినా మాస్టారు మెచ్చుకోరు, మళ్ళీ చేయిస్తారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తట్టడం. నేల మీద పట్టులో చిక్కుకున్నవాళ్ళు ఇక చాలనుకుంటే ఎదుటివాళ్ళ ఒంటి మీదో నా మీదో రెండుసార్లు తడతారు. తట్టిన వెంటనే వదిలెయ్యాలి. ఇంకొక్క క్షణం చూద్దామనడానికి లేదు. మూడో తరగతి చదివే ఒక పాప వచ్చేది. మొదట్లో తన చొక్కా కాలరు ఎవరినీ పట్టుకోనిచ్చేది కాదు, పట్టుకుంటే బిగుసుకుపోయేది. ఒకరోజు తనకంటే రెండింతల బరువున్న పిల్లవాడు ఆమెను అదిమిపట్టాడు. ఆ చిన్న చెయ్యి వణుకుతూ నా మీద రెండుసార్లు తట్టింది. వాడు ఠక్కున లేచి పక్కకు జరిగాడు. పాప కాసేపు అలాగే పడుకుని వాణ్ణి చూసింది. తర్వాత తనే లేచి, వాడి కాలరు పట్టుకుని, “మళ్ళీ చేద్దాం” అంది.

కొన్నాళ్ళకు వాళ్ళమ్మ మాస్టారితో చెప్పింది. ఇంట్లో అన్నయ్య చక్కిలిగింతలు పెడుతుంటే పాప మంచం మీద రెండుసార్లు తడుతోందట. వాడు మొదట నవ్వాడట. నాన్న “తట్టింది కదరా, వదిలెయ్” అన్నాడట. ఇప్పుడు ఆ ఇంట్లో అదొక నియమం. నాన్న గెడ్డంతో బుగ్గ గీరినా, మావయ్య ముద్దుకని గట్టిగా పట్టుకున్నా, పాప తడితే ఆగాల్సిందే. వద్దనుకుంటే వద్దని చెప్పే అలవాటు ఆడపిల్లకీ, ఆగమంటే ఆగే అలవాటు మగపిల్లవాడికీ చిన్నతనంలోనే ఒంటబట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. అది నా మీద మొదలై ఒక ఇంట్లోకి వెళ్ళింది. నాకు ఇంతకంటే ఏం కావాలి?

చూపు సరిగా ఆనని కుర్రాడొకడు కూడా వస్తాడు. అందరూ దూరంగా నిలబడి పట్టు కోసం పెనుగులాడతారు, అతనితో ఆడేవాళ్ళు మాత్రం ముందే ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని మొదలుపెడతారు. అంధుల జూడో పద్ధతి అదే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మధ్యప్రదేశ్‌కు చెందిన కపిల్ పర్మార్ 60 కిలోల విభాగంలో కాంస్యం గెలిచాడు. జూడోలో మన దేశానికి అదే మొదటి పారాలింపిక్ పతకం. ఆ వార్త విన్నరోజు ఈ కుర్రాడు ఎంతకీ ఇంటికి పోలేదు.

ఆదివారాలు పెద్దవాళ్ళూ దిగుతారు. మనవణ్ణి దింపడానికి వచ్చే ఒక మామ్మను మాస్టారు బతిమాలి కూర్చోబెట్టారు. ఆమెతో విసుర్లేమీ చేయించరు. పడుకున్న చోటి నుంచి పక్కకు దొర్లడం, మోకాలి మీదకు రావడం, చెయ్యి ఆనించి లేవడం, అంతే. ప్రమాదవశాత్తు జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం పడిపోవడానిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులోనూ ఎక్కువగా పోయేది అరవై దాటినవాళ్ళే. స్వీడన్‌లో జూడో శిక్షకులు వయసు మళ్ళినవాళ్ళకు పడటం, లేవడం ప్రత్యేకంగా నేర్పుతున్నారు. మన ఇళ్ళల్లో నున్నటి టైల్స్ వేయించి, వాటి మీద తడిగుడ్డ పెట్టి, మామ్మను జాగ్రత్తగా నడవమని మాత్రం చెబుతాం.

మంచి ఒక్కటే చెప్పి ఊరుకోలేను. జపాన్ బడుల్లో 1983 నుంచి లెక్క చూస్తే జూడో వల్ల వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువమందికి తగిలింది తలకే, వాళ్ళలో చాలామంది కొత్తగా చేరినవాళ్ళే. పడటం సరిగా రాకముందే పెద్దవాళ్ళతో బలంగా విసిరించడం, తల తిరుగుతోందన్నా ఆపకపోవడం అందుకు కారణాలు. జూడోకి పుట్టిల్లయిన దేశంలోనే ఇలా జరిగింది. కాబట్టి మీ పిల్లల్ని చేర్చే ముందు గోడ మీది కప్పులు చూడకండి. వంగి మ్యాట్ నొక్కి చూడండి. మొదటి నెల ఏం నేర్పుతారని అడగండి. తలకు దెబ్బ తగిలితే ఏం చేస్తారని అడగండి. ఏడేళ్ళవాణ్ణి పదమూడేళ్ళవాడితో తలపడనిస్తున్నారేమో ఒక సాయంత్రం కూర్చుని చూడండి. జూడో కాకుండా కరాటే, తైక్వాండో, మన కర్రసాము అయినా ఈ ప్రశ్నలు మారవు.

పోటీల సంగతీ ఒకటుంది. 2022లో జపాన్ జూడో సమాఖ్య ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయస్థాయి వ్యక్తిగత పోటీలను ఎత్తేసింది. గెలుపు కోసం చిన్నపిల్లల చేత బరువు తగ్గించడం, శిక్షకులూ తల్లిదండ్రులూ రిఫరీల మీద అరవడం మితిమీరిపోయాయని చెప్పింది. ఆ అరుపులు ఇక్కడా వింటాను. “పడెయ్‌రా! ఏం చూస్తున్నావ్!” అని అంచున నిలబడి ఒక నాన్న గొంతు చించుకునేవాడు. ఆ మాట తగిలిన ప్రతిసారీ కొడుకు పాదాలు మొదటిరోజులాగే ముడుచుకునేవి. మాస్టారు ఆయన్ను ఏమీ అనలేదు. “మీరూ చెప్పులు విప్పి రండి సార్, ఒక్కసారి పడి చూడండి” అన్నారు. మొహమాటానికి వచ్చాడు. నా మీద వెల్లకిలా పడటానికి ఆ పెద్దమనిషికి ఎంత భయమేసిందో నాకు తెలుసు. వీపంతా చెమట, ఊపిరి బిగబట్టేశాడు. ఆ తర్వాత అంచున నిలబడటం మానేశాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం కొడుకుతోపాటు తెల్ల బెల్టు కట్టుకుని వస్తున్నాడు. పడిన ప్రతిసారీ గడ్డం ఆనించడం మర్చిపోతాడు. “నాన్నా, బెల్టు ముడి చూడు” అని కొడుకే గుర్తుచేస్తున్నాడు.