ఖాళీ తేదీలు నింపేటప్పుడు ఈ సలహాలు వినకండి

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో పాతబస్తీకి ఎగువన రెండు జలాశయాలు వచ్చాయి. 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. 1927లో హిమాయత్‌సాగర్. గండిపేట పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. వాటి గేట్లు ఎత్తితే చాదర్‌ఘాట్, మూసానగర్ వైపు ఇళ్లలో జనం సామాన్లు సర్దుకోవాల్సిందే.

ఈ మట్టాలను మీరు రోజూ ఒక పట్టికలో పెడుతున్నారనుకోండి. ఏ పండగ రోజో నమోదు తప్పుతుంది. నివేదికలో మాత్రం ప్రతి తేదీకీ ఒక అంకె ఉండాలి. చివరగా తెలిసిన విలువతో ఆ ఖాళీ నింపడం ఎస్‌క్యూఎల్‌లో అందరూ చేసే పనే, చేయదగ్గ పనే. అయితే దాని గురించి కొత్తగా డేటా పనిలోకి వచ్చినవాళ్లకు అందే సలహాల్లో ఈ ఆరూ తప్పు.

1. "ఏ కాలమ్ ఖాళీగా ఉన్నా పై విలువ దించెయ్"

నీటిమట్టం ఎవరూ కొలవని రోజున కూడా ఉంటుంది. వాన అలా కాదు, కురిస్తేనే ఉంటుంది. వాతావరణ శాఖ ఉదయం 8:30కు నమోదు చేసేది అంతకుముందు 24 గంటల వాన. 2020 అక్టోబర్ 13 రాత్రి పాతబస్తీ కాలనీలను ముంచిన వాన 14 ఉదయం లెక్కకొస్తుంది. మీ పట్టికలో 15, 16 ఖాళీగా ఉన్నాయని అదే అంకె కిందికి దించితే, ఒక్క వాన మూడు వానలవుతుంది. నెల మొత్తం తప్పుతుంది. గుల్జార్ హౌజ్ బంగారం కొట్లలోనూ అంతే. శనివారం రేటును ఆదివారానికి వాడుకోవచ్చు, శనివారం అమ్మకాన్ని ఆదివారం ఖాతాలో రాయకూడదు. మట్టం, రేటు, నిల్వ లాంటివి నింపండి. వాన, అమ్మకం, రాకపోకల లాంటివి నింపకండి. కొలిచాక ఏమీ లేదని తేలితే సున్నా వేయండి. కొలవకపోతే నల్‌గానే ఉంచండి.

2. "లేని తేదీలను విండో ఫంక్షనే పుట్టిస్తుంది"

పుట్టించదు. ఉన్న వరసల మీదే అది పనిచేస్తుంది. ముందు తేదీల పట్టిక ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌లో జనరేట్ సిరీస్‌తో తయారవుతుంది. మై ఎస్‌క్యూఎల్ 8లో రికర్సివ్ సీటీఈ రాయాలి. దానికి మామూలుగా 1000 మెట్ల హద్దు ఉంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ హద్దు 100 మాత్రమే, కాబట్టి ఏడాది తేదీలు కావాలంటే హద్దు పెంచాలి. తేదీలను జలాశయాల జాబితాతో క్రాస్ జాయిన్ చేసి, ఆ తర్వాత కొలతలను లెఫ్ట్ జాయిన్‌తో కలపండి. కొలతల పట్టిక మీద పెట్టే షరతు ఆన్‌లో ఉండాలి. వేర్‌లో పెడితే మీరు కష్టపడి తెచ్చిన ఖాళీ తేదీలన్నీ మళ్లీ మాయమవుతాయి.

3. "లాగ్ ఒక్కటి చాలు"

లాగ్ సరిగ్గా ముందున్న వరసనే చూస్తుంది. వరసగా రెండు రోజులు ఖాళీ అయితే రెండో రోజుకు దొరికేది నల్లే. ఒరాకిల్, బిగ్‌క్వెరీ, స్నోఫ్లేక్, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022లలో లాస్ట్ వాల్యూకు ఇగ్నోర్ నల్స్ జోడించండి. పోస్ట్‌గ్రెస్ 17లో, మై ఎస్‌క్యూఎల్ 8లో ఆ సదుపాయం లేదు. అక్కడ తేదీ వరసలో నల్ కాని కొలతలను కౌంట్ చేస్తూ పోండి. కొత్త కొలత వచ్చిన రోజు ఆ లెక్క ఒకటి పెరుగుతుంది, ఖాళీ రోజుల్లో పెరగదు. దాంతో ఒక కొలతా, దాని తర్వాత వచ్చే ఖాళీలూ ఒకే నంబరు కిందికి చేరతాయి. ఆ గుంపులో ఉన్న విలువ ఒక్కటే కాబట్టి మ్యాక్స్ తీస్తే అన్ని రోజులకూ అదే అందుతుంది.

4. "తేదీ వరస ఉంటే చాలు, పార్టిషన్ ఎందుకు?"

పార్టిషన్ బై లేకపోతే గండిపేట 1790 అడుగులు హిమాయత్‌సాగర్ ఖాళీలోకి జారొచ్చు. అప్పుడు హిమాయత్‌సాగర్ తన పూర్తి మట్టానికి 26.5 అడుగులు పైన ఉన్నట్టు కనిపిస్తుంది. కౌంట్‌కూ, మ్యాక్స్‌కూ రెండింటికీ జలాశయం పేరుతో పార్టిషన్ పెట్టండి.

5. "నివేదిక మొదలయ్యే తేదీ నుంచే డేటా తీసుకో"

ఒకటో తేదీ ఖాళీగా ఉంటే దానికి కావాల్సిన విలువ గత నెలలో ఉంటుంది. ముందే కోసేస్తే అది దొరకదు. కొందరు రెండో తేదీ కొలత తెచ్చి ఒకటో తేదీలో పెడతారు. అది ఆ రోజుకు ఎవరికీ తెలియని సంగతి. కొన్ని వారాలు వెనక్కి వెళ్లి డేటా తెచ్చి, నింపడం పూర్తయ్యాకే నివేదిక తేదీలకు కత్తిరించండి.

6. "ఎన్ని రోజులైనా అదే విలువ లాగు"

అన్నిటికన్నా హాని చేసే సలహా ఇది. 2024 జులై 23 కేంద్ర బడ్జెట్‌లో బంగారంపై కస్టమ్స్ సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గింది, ధర ఆ రోజే పడింది. 22వ తేదీ రేటునే వారమంతా లాగిన పట్టిక ఆ వారమంతా తప్పు చెప్పినట్టే. నీటి విషయంలో నష్టం ఇంకా పెద్దది. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తాక మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్‌స్టాండ్‌లోకే వచ్చాయి. కొలత తప్పిపోయేది తరచూ అలాంటి గడబిడ రోజుల్లోనే. అప్పుడు నిన్నటి మట్టంతో నింపిన గీత తెర మీద సాఫీగా, నిశ్చింతగా సాగిపోతుంది. ఎండాకాలంలో మూడు రోజుల దాకా లాగొచ్చు గానీ, వానాకాలంలో ఒక్క రోజు దాటినా నల్‌గానే వదలండి. ప్రతి విలువ పక్కన అది నిజంగా కొలిచిన తేదీ, నింపినదా కాదా అన్న గుర్తు, ఈ రెండు కాలమ్‌లు తప్పక ఉంచండి.

కొలిచిన అంకె, నింపిన అంకె చూడ్డానికి ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది క్వెరీ రాసిన మీకొక్కరికే. ఆ తేడాను నివేదిక చదివేవాళ్లకూ కనిపించేలా పెట్టండి. అలా పెట్టలేని చోట ఖాళీని ఖాళీగానే చూపించండి.